మూర్ఛ ఒక్కటి కాదు, మందూ ఒక్కటి కాదు

"సిస్టమ్ హ్యాంగయింది" అని టీమ్‌లో ఎవరైనా అంటే మనం వెంటనే ప్యాచ్ రాయటం మొదలుపెట్టం కదా. "సరిగ్గా ఏం చూశావు?" అని అడుగుతాం. మెమరీ నిండిపోయిందా, డిస్కు పోయిందా, రెండు థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి కాచుక్కూర్చున్నాయా? మూడింటికీ బయటికి కనబడేది ఒకటే, కదలని తెర. కానీ రిపేరు మూడింటికీ వేరు వేరు. "ఫిట్స్ వచ్చాయి" అన్న మాట కూడా అచ్చంగా అలాంటిదే. ఆ ఒక్క మాట వెనక పది రకాల సంగతులుంటాయి. ఒక రకానికి పనిచేసిన మందు ఇంకో రకాన్ని మరింత పెంచుతుంది కూడా. ఈ ముక్క తెలియటానికి వైద్యానికి నూటయాభై ఏళ్ళు పట్టింది. మన ఇళ్ళల్లో ఇంకా తెలియలేదని నా అనుమానం. అందుకే ఈ టపా.

మన వాళ్ళకి ఈ జబ్బు పేర్లకి కొదవ లేదు. మూర్ఛ అన్నారు, పల్లెల్లో కాకిసొమ్మ అన్నారు, ఆయుర్వేదం అపస్మారం అంది. అంటే స్మృతి తప్పటం. చరక సంహిత దీన్ని వాతం, పిత్తం, కఫం, మూడూ కలిసినది అని నాలుగు రకాలు చేసింది. నటరాజు పాదం కింద పడున్న మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. అంటే, రకాలుగా విడగొట్టి చూడాలన్న ఆలోచన మనకి కొత్తేం కాదు. కానీ వీధిలో ఎవరైనా పడిపోతే మాత్రం అందరికీ ఒకటే వైద్యం: చేతిలో తాళాలగుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయో చెప్పో! ఫిట్ చాలావరకు ఒకట్రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. ఆగినప్పుడు పేరు తాళాలగుత్తికి పోతుంది. టెస్టింగ్ తెలిసిన వాళ్ళం, కంట్రోల్ లేని ప్రయోగం ఎంత మోసం చేస్తుందో మనకి వేరే చెప్పాలా?

ఇంతకీ నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది తార్నాకలో. తార్ అంటే తీగ, నాకా అంటే చెక్‌పోస్టు. ఒకప్పుడు ఇక్కడ తీగల కంచె, దానికో నాకా ఉండేవి కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. చౌరస్తా నుంచి ఒక దారి ఉస్మానియా క్యాంపస్‌లోకి పోతుంది. ఆ దారిలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఇంకో దారి హబ్సిగూడ, ఉప్పల్ వైపు పోతుంది. అటు ఐఐసీటీ, కొంచెం ముందుకెళ్తే సీసీఎంబీ. తొంభైల చివర్లో నేను క్యాంపస్ హాస్టల్లో ఉండేవాణ్ణి. మందుల షాపుకెళ్తే ముందు నిలబడ్డ మనిషి "ఫిట్స్ బిళ్ళలు ఒక షీటు" అని అడగటం చాలాసార్లు విన్నాను. తలనొప్పి బిళ్ళ అడిగినట్టే! గార్డినాలా, ఎప్టాయినా, టెగ్రిటాలా? అవి మూడూ మూడు వేర్వేరు మందులు, మూడు వేర్వేరు కథలు.

మొదటి కథ 1857లో లండన్‌లో మొదలైంది. సర్ చార్లెస్ లోకాక్ అనే ప్రసూతి వైద్యుడు, కొందరు ఆడవాళ్ళకి నెలసరి రోజుల్లో వచ్చే మూర్ఛకి పొటాషియం బ్రోమైడ్ ఇస్తే తగ్గిందని ఒక వైద్యసభలో చెప్పాడు. ఆ ఉప్పు కామవాంఛని అణచివేస్తుందని అప్పట్లో నమ్మేవాళ్ళు, మూర్ఛ ఆ వాంఛ వల్ల వస్తుందనీ నమ్మేవాళ్ళు. రెండూ తప్పే. కానీ మందు పనిచేసింది! కారణం తప్పు, ప్యాచ్ మాత్రం కరెక్టు. ఒంటి నిండా పొక్కులు, ఎప్పుడూ మగత, మతిమరుపు... అయినా యాభై ఏళ్ళకి పైగా బ్రోమైడే దిక్కయింది, ఎందుకంటే ఇంకోటి లేదు.

ఆ రోజుల్లోనే జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ అనే నరాల వైద్యుడు మూర్ఛ రోగుల్ని ఓపిగ్గా గమనిస్తూ కూర్చున్నాడు. కొందరికి ముందు బొటనవేలు అదురుతుంది, తర్వాత చెయ్యి, తర్వాత మొహం. స్పృహ ఉండగానే. అంటే మెదడులో ఎక్కడో ఒకచోట మొదలై పక్కకి పాకుతోందన్నమాట. 1870ల్లో ఆయన చెప్పిన సంగతి: మూర్ఛ అంటే మెదడు కణాలు ఉన్నట్టుండి, అతిగా, అదుపు తప్పి విద్యుత్తుని వదలటం. ఈఈజీ యంత్రం రావటానికి యాభై ఏళ్ళ ముందే, కేవలం చూసి చెప్పిన మాట అది. లాగ్ ఫైళ్ళు లేని రోజుల్లో డీబగ్గింగ్ అంటే అదీ!

తర్వాత 1912. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే కుర్ర డాక్టరు మూర్ఛ రోగుల వార్డులో పనిచేసేవాడు. రోగులు కాస్త నిద్రపోతే బావుంటుందని కొత్తగా వచ్చిన నిద్రమందు ఫినోబార్బిటాల్ ఇచ్చాడు. నిద్ర సంగతి అలా ఉంచితే, ఫిట్స్ తగ్గాయి. మన గార్డినాల్ అదే. పాపం, హాప్ట్‌మన్ యూదుడు కావటంతో నాజీలు వచ్చాక ఉద్యోగం పోయింది, చివరికి దేశం వదిలి అమెరికా చేరి 1948లో పోయాడు. ఆయన మందు మాత్రం వందేళ్ళు దాటినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఎందుకంటే చవక. మన పక్క రాష్ట్రంలోనే యలందూరులో కె.ఎస్.మణి, ఆయన సహచరులు పల్లె జనానికి ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్ మాత్రమే ఇచ్చి మూర్ఛని అదుపులో పెట్టొచ్చని చూపించారు. అది 2001లో లాన్సెట్‌లో అచ్చయింది. మన పల్లెల్లో అసలు సమస్య మందు లేకపోవటం కాదు, ఉన్న మందు రోగి దాకా చేరకపోవటం, చేరినా మధ్యలో మానేయటం.

ఫినోబార్బిటాల్ వల్ల అందరూ ఒకటి నమ్మారు: ఫిట్స్ తగ్గాలంటే మగత తప్పదని. ఆ నమ్మకాన్ని పగలగొట్టింది ఫెనిటాయిన్, అంటే ఎప్టాయిన్. దాన్ని 1908లోనే బిల్ట్జ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. నిద్ర పట్టించటం లేదు కాబట్టి పనికిరాదని పక్కన పడేశారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత బోస్టన్‌లో మెరిట్, పట్నం అనే ఇద్దరు (మన పట్నం కాదు లెండి, ట్రేసీ పట్నం) పిల్లులకి కరెంటుతో ఫిట్స్ తెప్పించి, ఏ రసాయనం వాటిని ఆపుతుందో ఒక్కొక్కటే పరీక్షించారు. నాకు తెలిసి మూర్ఛ మందుల్లో పద్ధతి ప్రకారం టెస్ట్ సూట్ రాసి వెతికింది ఇదే మొదటిసారి. 1938కల్లా ఫెనిటాయిన్ రోగులకి అందింది. దీనితో ఒక చిక్కుంది. కొంత మోతాదు దాకా శరీరం దాన్ని సాఫీగా విరగ్గొడుతుంది. ఆ హద్దు దాటాక, నిండిపోయిన సర్వర్‌కి ఇంకో పది రిక్వెస్టులు పంపినట్టే. బిళ్ళ కొంచెం పెంచితే రక్తంలో మందు బాగా పెరిగిపోతుంది, మనిషి తాగినవాడిలా తూలతాడు. అందుకే ఎప్టాయిన్ డోసు సొంతంగా మార్చుకోవటం అంత ప్రమాదం. చాలా ఏళ్ళు వాడితే చిగుళ్ళు కూడా వాస్తాయి.

అసలు మలుపు ఇక్కడ వచ్చింది. ఫెనిటాయిన్ గొప్ప మందే, కానీ కొందరు పిల్లలకి అస్సలు పనిచెయ్యలేదు. వాళ్ళు కిందపడరు, కొట్టుకోరు. ఎక్కాలు చెప్తూ చెప్తూ పది సెకన్లు ఆగిపోతారు, చూపు నిలబడిపోతుంది, మళ్ళీ ఆగినచోట నుంచే మొదలుపెడతారు. టీచరు "పరధ్యానం" అని చెవి మెలేస్తుంది. దీన్ని ఆబ్సెన్స్ అంటారు. హాన్స్ బెర్గర్ 1929లో మనిషి ఈఈజీని ప్రపంచానికి చూపించాక, 1935లో బోస్టన్‌లో గిబ్స్, డేవిస్, లెనాక్స్ ఈ పిల్లల మెదడు తరంగాలు గీసి చూశారు. సెకనుకి మూడు చొప్పున, గడియారం కొట్టినట్టు, ఒకే ఆకారం. మామూలు ఫిట్స్‌ది ఆ బొమ్మ కాదు. అంటే జబ్బే వేరు. దీనికి వేరే మందు కావాల్సొచ్చింది. ముందు ట్రైమెథాడయోన్, తర్వాత 1950ల చివర్లో ఎథోసక్సిమైడ్. కారణం ఇప్పుడు తెలుసు. ఫెనిటాయిన్ కణంలోకి సోడియం వెళ్ళే దారుల్ని అదుపు చేస్తుంది, ఆబ్సెన్స్‌లో గొడవ కాల్షియం దారుల్లో ఉంది. ఒక తలుపుకి వేసిన తాళం ఇంకో తలుపుకి పనికొస్తుందా?

అప్పట్నుంచీ మందుల చరిత్ర, రకాల చరిత్ర కలిసే నడిచాయి. ఫ్రాన్స్ డాక్టరు ఆన్రీ గాస్టో 1970 ప్రాంతంలో మొదటి అంతర్జాతీయ వర్గీకరణకి రూపం ఇచ్చాడు. మూర్ఛ మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం దాన్ని 1981లో, 2017లో, మళ్ళీ 2025లో సవరించింది. స్థూలంగా చెప్పాలంటే రెండు పెద్ద గుంపులు. మెదడులో ఒకచోట మొదలయ్యేది ఫోకల్. మనిషి స్పృహలో ఉండగానే చెయ్యి అదరొచ్చు, లేని వాసన రావచ్చు. లేదా స్పృహ మసకబారి పెదాలు చప్పరిస్తూ, చొక్కా గుండీలు తడుముకుంటూ ఉండొచ్చు (దీన్ని దయ్యం అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు). రెండోది, మొదట్నుంచీ మెదడు రెండు వైపులా వచ్చేది, జనరలైజ్డ్. ఇందులో మనందరికీ తెలిసిన, బిగుసుకుపోయి కొట్టుకునే టానిక్-క్లోనిక్, పైన చెప్పిన ఆబ్సెన్స్, ఒక్కసారి ఒళ్ళు జారి కూలబడిపోయే అటానిక్, మెరుపులా ఒళ్ళు ఉలిక్కిపడే మయోక్లోనిక్ ఉన్నాయి.

ఆ చివరి రకం నేను కళ్ళారా చూశాను. మా రూమ్మేట్ ఒకడు పొద్దున్నే బ్రష్ జారవిడిచేవాడు. టీ గ్లాసు ఉన్నట్టుండి చేతిలోంచి ఎగిరిపడేది. పరీక్షల ముందు రాత్రంతా మేలుకుంటే ఇంకా ఎక్కువయ్యేది. మేం "నరాల వీక్‌నెస్‌రా నీకు" అని ఏడిపించేవాళ్ళం, వాడూ నవ్వేసేవాడు. సెమిస్టర్ పరీక్షల్లో ఒకరోజు పొద్దున బాత్రూమ్ దగ్గర పెద్ద ఫిట్ వచ్చి పడిపోయాడు. తీసుకెళ్ళిన చోట రెండు నిమిషాల్లో కార్బమజెపిన్ రాసిచ్చారు. ఆ బిళ్ళలు మొదలెట్టాక చేతుల ఉలికిపాట్లు తగ్గకపోగా పెరిగాయి. నెల తర్వాత ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "పొద్దున పూట చేతిలోంచి వస్తువులు జారిపోతుంటాయా?" అంతే, మందు మారింది, మనిషి కోలుకున్నాడు.

ఆ జబ్బు పేరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ. 1957లో జర్మనీలో డీటర్ యాంట్స్ దీన్ని వివరంగా వర్ణించాడు. టీనేజిలో మొదలవుతుంది, నిద్ర చాలకపోతే రెచ్చిపోతుంది. అంటే నైట్ షిఫ్టులు, రిలీజుల ముందు జాగారాలు చేసే మనలాంటి వాళ్ళకి ఇది బాగా తెలిసుండాలి. 1953లో స్విట్జర్లాండ్‌లో గైగీ కంపెనీలో షిండ్లర్ తయారుచేసిన కార్బమజెపిన్ (టెగ్రిటాల్) ఫోకల్ రకానికి మంచి మందు. అదే మందు ఆబ్సెన్స్‌నీ మయోక్లోనిక్‌నీ పెంచగలదు. మందు చెడ్డది కాదు, రకం కనుక్కోకుండా రాయటం చెడ్డది. ఇది మొదలెట్టాక ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుళ్ళు వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. కొన్ని ఆసియా జాతుల్లో ఉండే ఒక జన్యువు వల్ల ప్రాణాంతకమైన చర్మరోగం రావచ్చని 2004లో తైవాన్ వాళ్ళు కనిపెట్టారు.

మా వాడికి పనిచేసింది వాల్‌ప్రోయేట్. దాని కథ అన్నిటికన్నా తమాషాగా ఉంటుంది. 1880ల్లో తయారైన ఈ ద్రవాన్ని ఎనభై ఏళ్ళు వేరే మందుల్ని కరిగించటానికి మాత్రమే వాడారు. 1962లో ఫ్రాన్స్‌లో పియర్ ఎమార్ అనే విద్యార్థి కొన్ని కొత్త రసాయనాల్ని ఇందులో కరిగించి పరీక్షిస్తే, అన్నీ ఫిట్స్ ఆపుతున్నాయి! అన్నీ పనిచేస్తున్నాయంటే అనుమానించాల్సింది వాటన్నిటిలో ఉన్నదాన్నే కదా. పనిచేసింది కరిగించిన ద్రవమే. 1967లో ఫ్రాన్స్‌లో మార్కెట్‌లోకి వచ్చింది. దాదాపు అన్ని రకాల మీదా పనిచేస్తుంది. కానీ గర్భంలో ఉన్న బిడ్డకి వెన్నుపాము లోపాలు, పుట్టాక తెలివితేటల్లో వెనకబాటు తెచ్చే ప్రమాదం ఉందని తేలింది. అందుకే పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళకి వేరే దారి ఉంటే వాల్‌ప్రోయేట్ ఇవ్వటం లేదు. ఏ మూర్ఛ మందు వాడుతున్నా, గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ తీసుకోమంటారు. ఆ ఫోలిక్ ఆసిడ్‌ని 1940ల్లో అమెరికాలో లెడర్లీ కంపెనీలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఎక్కడి సంగతి ఎక్కడ కలిసిందో చూశారా!

మన దక్షిణాదికే ప్రత్యేకం అనదగ్గ రకం ఇంకోటుంది, వేణ్ణీళ్ళ మూర్ఛ. తల మీద వేడినీళ్ళు చెంబుతో పోసుకుంటే, అంటే మన తలంటు స్నానంలో వస్తుంది. న్యూజిలాండ్‌లో 1945లో ఒక కేసు రాశారు గానీ, ఎక్కువగా కనబడింది కర్ణాటక, దాని చుట్టుపక్కల. బెంగుళూరు డాక్టర్లు దశాబ్దాల పాటు దీన్ని పరిశీలించారు. గోరువెచ్చని నీళ్ళు వాడటం, చాలకపోతే డాక్టరు చెప్పినట్టు తలస్నానానికి ముందు క్లోబజామ్ (ఫ్రిజియం) వేసుకోవటం. చాలామందికి అంతే సరిపోతుంది. ఇంకొందరికి కారణం మెదడులో చేరిన బద్దెపురుగు లార్వా తిత్తి. పంది మాంసం ముట్టని వాళ్ళకి కూడా సరిగా కడగని ఆకుకూరలతో, మురికి నీళ్ళతో వస్తుంది. "మా ఇంట్లో అందరం శాకాహారులమే" అని ఈ అవకాశాన్ని కొట్టిపారేసే వాళ్ళకి ఇది చెప్పాలి.

సరే, మరి తార్నాకకీ వీటికీ ఏమిటి సంబంధం? ఈ మందులేవీ ఇక్కడ పుట్టలేదు. కానీ ఇవన్నీ మన జేబుకి అందటం వెనక ఈ రోడ్డు ఉంది. 1944లో నిజాం ప్రభుత్వం మొదలెట్టిన పరిశోధనశాల తర్వాత రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది, 1989లో ఐఐసీటీ అయింది. పాతవాళ్ళు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే అంటారు. 1970 పేటెంట్ చట్టం మందుకి కాకుండా తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. అంటే అదే మందుని ఇంకో దారిలో తయారుచెయ్యొచ్చు. ఆ ఇంకో దారి వెతికే చదువు ఈ ల్యాబుల్లో, బాలానగర్ ఐడీపీఎల్‌లో సాగింది. ఏ.వి.రామారావు గారు డైరెక్టరుగా ఉన్న రోజుల్లో ఎయిడ్స్ మందు ఏజడ్‌టీకి చవకైన పద్ధతి ఇక్కడే తయారైంది, సిప్లా అమ్మింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 2005 నుంచి మందులకి మళ్ళీ ప్రొడక్ట్ పేటెంట్లు వచ్చాయి గానీ, 1995కి ముందు కనిపెట్టినవి వాటి పరిధిలోకి రాలేదు. అమెరికాలో 1999లో అనుమతి పొందిన లెవెటిరాసెటమ్ (లెవిపిల్ పేరుతో చూసుంటారు) అలా మనకి చవగ్గా దొరికింది. ఇప్పుడు దివీస్, హెటిరో లాంటి హైదరాబాద్ కంపెనీలు దాన్ని తయారుచేసి ప్రపంచానికి పంపుతున్నాయి.

అలాగని కొత్తదల్లా గొప్పదనుకోకండి. 2021లో బ్రిటన్‌లో పెద్ద ఎత్తున పోల్చి చూస్తే, జనరలైజ్డ్ రకానికి లెవెటిరాసెటమ్ కన్నా పాత వాల్‌ప్రోయేటే బాగా పనిచేసింది. ఫోకల్‌కి లామోట్రిజిన్ మెరుగ్గా ఉంది. లెవెటిరాసెటమ్ కొందరికి విపరీతమైన చిరాకు, దిగులు తెస్తుంది. ఇంట్లోవాళ్ళు "వీడి బుద్ధి మారింది" అనుకుంటారు, అది మందు పని కూడా కావచ్చు. మళ్ళీ అదే మాట: రకం ఏది, మనిషి ఎవరు?

ఇక చట్టం సంగతి. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలో మూర్ఛని పిచ్చి పక్కన చేర్చారు. మాటిమాటికీ మూర్ఛ వచ్చేవాళ్ళు పెళ్ళికి అనర్హులు అన్నట్టు. దాన్ని తీసెయ్యటానికి 1999 దాకా ఆగాల్సొచ్చింది. చట్టం మారింది, సంబంధాలు చూసే పెద్దలు మారారా? పెళ్ళి కుదిరాక తెలుస్తుందని బిళ్ళలు దాచి, అత్తారింట్లో నాలుగు రోజులు మానేసి, నిద్రలేని పెళ్ళి రాత్రుల్లో ఫిట్ తెచ్చుకున్న అమ్మాయిల కథలు మీరూ వినే ఉంటారు. నిద్రలేమి, మందు మానెయ్యటం - ఫిట్ రావటానికి ఇంతకన్నా ఏం కావాలి? సిగ్గు పడాల్సింది జబ్బుకి కాదు, దాన్ని దాచేలా చేసే మన పద్ధతికి.

కాబట్టి నేను చెప్పేది ఇదీ. ఎవరికైనా ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, కాళ్ళూ చేతులూ బలవంతంగా పట్టుకోకండి, టైము చూడండి. అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తండి. పక్కన ఇంకొకరుంటే ఫోన్‌లో వీడియో తీయమనండి. చాలామందికి స్కాన్ నార్మల్‌గానే వస్తుంది, ఈఈజీ కూడా నార్మల్‌గా రావచ్చు. జాక్సన్ రోజుల్లో లాగే ఇప్పుడూ రకాన్ని పట్టిచ్చేది ముందు కళ్ళతో చూసిందే. ఆ వీడియోతో డాక్టర్ దగ్గరికెళ్ళి "ఏ మందు?" అనేకంటే ముందు "ఇది ఏ రకం?" అని అడగండి. సమాధానం చెప్పటానికి ఓపిక లేని డాక్టరైతే ఇంకొకర్ని చూసుకోండి. బిళ్ళలు మాత్రం చెప్పకుండా మానకండి.